మూలన కూర్చున్న పెట్టను బతికించుకోవడం ఎలా?

తెల్లారగానే గంప ఎత్తుతారు. కోళ్లన్నీ బిలబిలమంటూ బయటికొచ్చి పెంటకుప్ప మీదికి పరుగెడతాయి. ఒక్క పెట్ట మాత్రం కదలదు. ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని, కళ్లు సగం మూసి కూర్చుంటుంది. నూకలు చల్లినా చూడదు. నిన్నటిదాకా వంటింటి గడప దాటి వచ్చి మీ అరచేతిలో గింజలు పొడుచుకు తిన్న పెట్ట అది. పిల్లలు దానికి పేరు కూడా పెట్టుకుని ఉంటారు. రెండు మూడుసార్లు పొదిగి పిల్లల్ని లేపిన పెట్ట కూడా కావచ్చు.

ఇలాంటప్పుడు ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. ‘చచ్చేలోగా కోసేద్దాం’ అని ఒకరంటారు. ‘సంతలో ఎంతో కొంతకు ఇచ్చేద్దాం’ అని మరొకరంటారు. రెండూ తప్పే. జబ్బు కోడిని కోస్తే రోగం చేతులకూ, కత్తికీ, కడిగిన నీళ్లకూ అంటుకుంటుంది. సంతకు పంపితే నాలుగు ఊళ్లకు పోతుంది. ఇక మూడో దారి ఉంది. నాలుగైదు రోజులు ఓపిగ్గా చూసుకుంటే చాలా జబ్బుల్లో పెట్ట తేరుకుంటుంది. అన్నింట్లోనూ తేరుకుంటుందని మాత్రం చెప్పలేం. ఏది మన చేతిలో ఉందో, ఏది లేదో తెలుసుకోవడానికే ఈ పాఠం.

ఒక సంగతి ముందుగా గుర్తుంచుకోండి. కోడి తన జబ్బును దాచుకుంటుంది. నీరసించిన కోడిని గుంపులోని మిగతావి పొడుస్తాయి గనక ఓపిక ఉన్నంతసేపూ మామూలుగా తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. మీ కంటికి జబ్బుగా కనిపించిందంటే అప్పటికే రెండు మూడు రోజులు గడిచిపోయి ఉండవచ్చు. అందుకే ‘రేపు చూద్దాంలే’ అనుకోకూడదు.

ముందు అది జబ్బేనా?

పొదుగుకొచ్చిన పెట్ట కూడా గూట్లోంచి కదలదు, సరిగా తినదు, ఈకలు ఉబ్బిస్తుంది. కానీ చెయ్యి పెడితే ‘క్రుర్ర్’మని కసురుతుంది, పొడవడానికొస్తుంది. కళ్లు చురుగ్గా ఉంటాయి. రోజుకోసారి దిగి తిని, నీళ్లు తాగి, పెద్ద రెట్ట వేసి మళ్లీ ఎక్కుతుంది. ఇది జబ్బు కాదు. అలాగే ఈకలు రాల్చే కాలంలో పెట్ట బోసిగా, దిగులుగా కనిపిస్తుంది, గుడ్లు మానేస్తుంది. అదీ జబ్బు కాదు.

ఎండాకాలం మధ్యాహ్నం పూట నోరు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతుంటే వడదెబ్బ అనుకోవాలి. కోడికి చెమట పట్టదు. నోటితో రొప్పే వేడిని బయటికి పంపుకుంటుంది. వెంటనే నీడకు చేర్చి కాళ్లను చల్లని నీళ్లలో ఉంచండి. తురాయి తడపండి. చల్లని నీళ్లు తాగనివ్వండి. మంచు నీళ్లలో ముంచకూడదు. పొద్దుటి చల్లదనంలో కూడా నోరు తెరిచి రొప్పుతుంటే మాత్రం అది వడదెబ్బ కాదు, జబ్బు.

మొదటి గంటలో చేయవలసినవి

1. వేరు చేయండి: మిగతా కోళ్లకు దూరంగా, వీలైతే ఇంకో వసారాలో పెట్టండి. అట్టపెట్టె గానీ, విడి గంప గానీ చాలు. కింద పొడి గోనెసంచి, దాని మీద పాత కాగితాలు పరవండి. రెట్ట ఎలా వేస్తోందో కాగితం మీద తేలిగ్గా కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కోళ్ల పని ముందు ముగించుకుని, చివరగా జబ్బు కోడి దగ్గరికి వెళ్లండి. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

2. వెచ్చగా ఉంచండి: కోడి ఒంటి వేడి మనకంటే ఎక్కువ. మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. కాబట్టి ఒళ్లు వెచ్చగా తగిలితే జ్వరమని కంగారు పడకండి. జబ్బు కోడి ఆ వేడిని నిలుపుకోలేక ఈకలు ఉబ్బిస్తుంది. చలికాలంలో, వానల్లో పెట్టెకు ఒక పక్కన 40 వాట్ల బల్బు వేలాడదీయండి. ఈ పనికి పాతరకం ఫిలమెంటు బల్బే కావాలి. ఎల్.ఇ.డి. బల్బు వెలుతురిస్తుంది గానీ వేడినివ్వదు. కరెంటు లేకపోతే సీసాలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. రెండో పక్క చల్లగా వదిలేస్తే ఎక్కడ ఉండాలో కోడే చూసుకుంటుంది. మన వేసవిలో బల్బు అక్కర్లేదు. నీడా, గాలీ చాలు.

3. నీళ్లు అందించండి: కోడి ఆకలికంటే ముందు దాహంతో చస్తుంది. పారుడు పట్టిన కోడి మరీనూ. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో నాలుగు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు కలపండి. ఉప్పు అంతకు మించకూడదు. కోడికి ఉప్పు ఎక్కువైతే విషమే. ఈ నీళ్లు ఒక రోజు ఇచ్చి, తర్వాత మామూలు మంచినీళ్లకు మారండి.

పట్టుకునే తీరు

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మనకు ఊపిరి ఆడించే పొర కడుపుకూ ఛాతీకీ మధ్య ఉంటుంది. కోడికి అలాంటి పొర లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. పారిపోతుందని రొమ్మును గట్టిగా అదిమి పట్టుకుంటే, జబ్బు కోడి మీ చేతుల్లోనే ప్రాణం వదలవచ్చు. రెక్కలను ఒంటికి ఆనించి, రెండు చేతులతో పక్కలనుంచి పట్టి ఒళ్లో కూర్చోబెట్టుకోండి. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయకండి.

తల నుంచి కాళ్ల దాకా చూడండి

పగటి వెలుతురులో, తీరిగ్గా కూర్చుని వరసగా చూసుకు రండి.

తురాయి, తమ్మెలు: ఎర్రగా ఉంటే మంచిదే. పాలిపోతే రక్తహీనత. పేలు, గోమార్లు, ఏలికపాములు ఉన్నాయేమో చూడాలి. నీలంగా మారితే ఊపిరి, గుండె ఇబ్బందిలో ఉన్నట్టు. పొక్కులుంటే మశూచి.

కళ్లు, ముక్కు, నోరు: కంట్లో నురగ, ముక్కులో చీమిడి, ముఖం వాపు ఉన్నాయా? నోరు తెరిచి చూడండి. నాలుక మీద, గొంతులో పసుపుపచ్చ పొర కట్టిందా?

మేత సంచి: మెడ కింద, రొమ్ముకు కుడిపక్కగా తగులుతుంది. పొద్దున్నే, మేత వేయకముందు తడమాలి. రాత్రంతా అరిగి ఖాళీగా ఉండాలి. అప్పటికీ గట్టిగా ముద్దలా ఉన్నా, నీళ్లసంచిలా మెత్తగా ఉండి నోరు పులిసిన కంపు కొడుతున్నా అక్కడే తేడా ఉంది.

రొమ్ము ఎముక: దానికి రెండు పక్కలా కండ ఉండాలి. ఎముక కత్తి అంచులా చేతికి తగిలితే జబ్బు నిన్న మొన్నటిది కాదు, వారాల తరబడి లోపల ఉన్నదే.

కడుపు, రెట్ట వేసే ద్వారం: కడుపు ఉబ్బిందా, గట్టిగా గుడ్డు తగులుతోందా, ద్వారం చుట్టూ ఈకలకు రెట్ట అంటుకుందా చూడండి. రెక్కల కింద, ద్వారం చుట్టూ ఈకలు విడదీసి పేలు వెతకండి.

కాళ్లు: అరికాలులో నల్లటి చెక్కు కట్టిన పుండు ఉందేమో, పొలుసులు పైకి లేచి గరుకుగా ఉన్నాయేమో చూడాలి.

చివరగా త్రాసులో తూచి, తేదీ వేసి రాసుకోండి. రోజూ అదే వేళకు తూచండి. పెట్ట తేరుకుంటోందో, జారిపోతోందో మీ కంటికంటే తూకమే ముందు చెబుతుంది.

రెట్ట చెప్పే కబురు

మామూలు రెట్ట గట్టిగా, ముదురు రంగులో ఉండి పైన తెల్లటి సుద్ద ఉంటుంది. ఆ సుద్దే కోడి మూత్రం. రోజుకు కొన్నిసార్లు జిగటగా, చాక్లెట్ రంగులో, కంపుగా కూడా వేస్తుంది. అదీ మామూలే. గడ్డిపచ్చ రంగులో నీళ్లలా పడితే రెండు కారణాలుండొచ్చు. ఒకటి ఏమీ తినకపోవడం, రెండు కొక్కెర. రక్తం పడితే రక్తపారుడు. బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు కదులుతుంటే బద్దె పురుగులు.

తాగించడం, తినిపించడం

ఇక్కడ జరిగే పొరపాటు వల్ల కూడా కోళ్లు పోతాయి. కోడి నోరు తెరిస్తే నాలుక మొదట్లో చిన్న చీలిక కనిపిస్తుంది. అదే ఊపిరి గొట్టం మూతి. నోరు పెకలించి గ్లాసుతో పోస్తే నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకని చెంచాతో గానీ, సూది తీసేసిన సిరంజితో గానీ ముక్కు పక్కన ఒక్కొక్క చుక్క పెట్టండి. అది నాలుక ఆడించి మింగుతుంది. మింగాకే ఇంకో చుక్క. తల నిలబెట్టలేని కోడికీ, స్పృహ లేని కోడికీ నోట్లో ఏమీ పోయకూడదు.

రెండు కిలోల పెట్టకు రోజు మొత్తం మీద కనీసం 100 మి.లీ. నీళ్లు లోపలికి పోవాలి. గంటకు రెండు మూడు చెంచాల చొప్పున ఇస్తే సాయంత్రానికి సరిపోతుంది. నీళ్లు నిలిచాక, మేత సంచి ఖాళీ అవుతోందని చూసుకున్నాకే తిండి మొదలెట్టండి. పల్చటి రాగిజావ, మెత్తగా ఉడికించి నలిపిన అన్నం, ఉడికించిన గుడ్డు పచ్చసొన నీళ్లతో కలిపి కొద్దికొద్దిగా పెట్టవచ్చు. తనంతట తాను పొడుచుకు తింటే అంతకంటే మంచి గుర్తు లేదు. ఒకటి రెండు కోళ్లు తినడం కనబడేటట్టు దూరంగా ఉంచితే ఒక్కోసారి దీనికీ ఆశ పుడుతుంది.

ఏ జబ్బుకు ఏం చేయాలి?

కొక్కెర రోగం: దీన్నే రాణిఖేత్ అంటారు. 1927లో ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్‌లో మన దేశంలో గుర్తించారు గనక ఆ పేరొచ్చింది. ఆకుపచ్చ పారుడు, గురక, నోటితో ఊపిరి, కాళ్లూ రెక్కలూ పడిపోవడం, మెడ మెలితిరగడం దీని గుర్తులు. ఒక దాని వెనక ఒకటి పడిపోతాయి. ఇది వైరస్ రోగం, దీన్ని చంపే మందు లేదు. నీళ్లు, వెచ్చదనం, తిండి ఇచ్చి నిలబెట్టడమే. బతికి బట్టకట్టిన వాటిలో కొన్నింటికి మెడ వంకర అలాగే ఉండిపోతుంది. చేత్తో తినిపిస్తే అవీ బతుకుతాయి. ఈ కోళ్లను ముట్టుకున్న చేతితో కళ్లు నులుముకుంటే మనకూ కళ్లకలక రావచ్చు.

మశూచి: తురాయి, కళ్ల చుట్టూ పొక్కులు లేచి చెక్కు కడతాయి. దోమలు కూడా దీన్ని మోసుకొస్తాయి. పొక్కులు పైకే ఉంటే మూడు నాలుగు వారాల్లో మానిపోతాయి. చెక్కు పీకకండి. పోవిడోన్ అయోడిన్ అద్దండి. కళ్లు మూసుకుపోయిన కోడికి మేత కనబడదు, ఆకలితోనే చస్తుంది. ఉప్పునీళ్లతో కళ్లు తుడిచి చేత్తో తినిపించాలి. గొంతులో పొర కడితే డాక్టరుకు చూపాలి.

రక్తపారుడు: ఎక్కువగా మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లలకొస్తుంది. తడి నేల, రెట్ట కలిసిన మేత దీనికి మూలం. ఆంప్రోలియం లాంటి మందు నీళ్లలో కలిపి ఇస్తారు. మోతాదు డాక్టరును అడిగి, సకాలంలో వాడితే నయమవుతుంది.

మేత సంచి బిగుసుకోవడం: పీచుగడ్డి, ప్లాస్టిక్ ముక్కలు, దారాలు మింగితే వస్తుంది. తిండి ఆపండి. గోరువెచ్చని నీళ్లు, రెండు మూడు చుక్కల నూనె తాగించి, సంచిని వేళ్లతో మృదువుగా రోజుకు నాలుగైదుసార్లు నలపండి. తలకిందులు చేసి కక్కించే పని పెట్టుకోవద్దు. ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరు చిన్న కోత కోసి తీయగలరు.

గుడ్డు అడ్డుపడటం: పెట్ట పదేపదే గూడెక్కి దిగుతుంది, తోక ఆడిస్తూ ముక్కుతుంది, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడుతుంది. ఇది గంటల్లో తేలాల్సిన వ్యవహారం. బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి కడుపు మునిగేలా 20 నిమిషాలు కూర్చోబెట్టండి. తుడిచి, ద్వారానికి కొబ్బరినూనె రాసి, చీకటిగా వెచ్చగా ఉన్నచోట వదిలేయండి. రెండు మూడు గంటలకోసారి మళ్లీ చేయవచ్చు. కడుపు పిసికి గుడ్డు పగలగొట్టారో, లోపల పెంకులు గుచ్చుకుని పెట్ట పోతుంది. ఒక పూటలో గుడ్డు రాకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. సున్నం తగ్గిన పెట్టలకే ఇది ఎక్కువ. ముందునుంచీ ఆల్చిప్పల పొడి విడిగా ఒక ముంతలో పెట్టండి.

కుక్క, ముంగిస గాట్లు: లీటరు కాచిన నీళ్లలో చెంచాన్నర ఉప్పు కలిపి గాయం కడగండి. చుట్టూ ఈకలు కత్తిరించి పోవిడోన్ అయోడిన్ రాయండి. ఈగలు వాలకుండా దోమతెర కప్పండి. కుక్క పంటి గాటు పైకి చిన్నగా, లోపల లోతుగా ఉంటుంది. అందుకని డాక్టరుకు చూపడమే మేలు. గాయం మానేదాకా గుంపులో వదలకండి. ఎర్రగా కనిపిస్తే మిగతావి పొడిచి చంపుతాయి.

పేలు, గోమార్లు: గోమార్లు పగలు గంప అల్లికల్లో, గోడ పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. రాత్రిపూట బ్యాటరీ లైటు వేసి చూస్తేనే దొరుకుతాయి. ఎంత మందు వేసినా గంప మార్చకపోతే పాలిపోయిన పెట్ట కోలుకోదు. పాత గంప తగలబెట్టి, పగుళ్లు అలికి సున్నం వేయండి. కోళ్లు పొర్లాడటానికి పొడిమట్టి, బూడిద ఉంచండి.

ఇవి చేయకండి

సారా, కిరోసిన్, నశ్యం, పొగాకు నీళ్లు గొంతులో పోయకండి. పసుపు, వెల్లుల్లి కొద్దిగా పెడితే హాని లేదు గానీ కొక్కెర వాటితో తగ్గదు. వాటిని నమ్ముకుని రెండు రోజులు పోగొట్టుకోవద్దు. ఇంట్లో మిగిలిన టెట్రాసైక్లిన్ గొట్టాలు విప్పి పోయడమూ మంచిది కాదు. వైరస్ రోగాల మీద అవి పనిచేయవు. సగం సగం వాడితే సూక్ష్మజీవులు మందులకు మొండికేస్తాయి. రేపు మన పిల్లల జబ్బుకూ అవి పనిచేయకుండా పోతాయి. ఈ భయంతోనే కొలిస్టిన్ అనే మందును కోళ్లకు వాడకుండా కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. డాక్టరు రాసిన మందు వాడినప్పుడు కూడా, ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో ఆయన్నే అడగండి.

మిగతా కోళ్ల సంగతి

ఒక్క కోడి జబ్బు పడితే వైద్యం చేద్దాం. ఒక్కసారిగా నాలుగైదు చచ్చినా, ముఖాలు వాచి తురాయిలు నీలమైనా సొంత వైద్యం ఆపేసి వెంటనే పశువైద్యశాలకు కబురు చేయండి. అది బర్డ్ ఫ్లూ కావచ్చు. మన దేశంలో 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మొదట బయటపడిన ఈ రోగం, 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోనూ కనిపించింది. అలాంటి కోళ్లను పిల్లలు ఒళ్లోకి తీసుకోకుండా చూడండి. చచ్చినవాటిని వట్టి చేతులతో ముట్టుకోవద్దు. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి.

ఆరోగ్యంగా ఉన్న వాటికి టీకాలు తప్పనిసరి. కొక్కెరకు పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్క, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆర్-2-బి సూదిమందు వేస్తారు. మశూచి టీకా రెక్కలో వేస్తారు. టీకామందు ఐసులో పెట్టి తేవాలి. ఎండలో సంచిలో వేసుకొస్తే అది మామూలు నీళ్లతో సమానం. జబ్బు పడ్డాక టీకా వేస్తే ప్రయోజనం లేదు.

తేరుకున్నాక, తేరుకోకపోతే

తురాయి ఎర్రబడి, తనంతట తాను తిని, తూకం పెరిగి, రెట్ట గట్టిపడ్డాక కూడా రెండు వారాలు విడిగానే ఉంచండి. తర్వాత నేరుగా గుంపులోకి తోయకండి. నాలుగు రోజులు లేని కోడిని మిగతావి కొత్తదానిలాగే పొడుస్తాయి. రెండు మూడు రోజులు పక్కనే గంప కింద ఉంచి, ఒక సాయంత్రం చీకటి పడే వేళ కలపండి.

అన్నీ చేసినా కొన్ని పోతాయి. మూడు రోజులు గడిచినా నీళ్లు మింగకుండా, తల వాల్చేసి, ఊపిరికి అల్లాడుతుంటే ఇంకా గొంతులో చుక్కలు పోసి బాధపెట్టకండి. బాధ లేకుండా ముగించే మార్గం డాక్టరును అడగండి. అది నిర్దయ కాదు. పోయిన కోడిని కాలువలోనో, దిబ్బ మీదో విసిరేయకుండా మూడడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. పిల్లలు ఏడిస్తే ‘కోడికేమిట్రా’ అని కసరకండి. నాలుగు రోజులు చెంచాతో నీళ్లు తాగించిన చేతులవి.

గుర్తుంచుకోవలసినవి

* వేరు చేయడం, వెచ్చదనం, నీళ్లు: మొదటి గంటలో ఈ మూడే మందు.
* రొమ్ము అదమకండి. గొంతులో గుమ్మరించకండి.
* పొద్దున్నే మేత సంచి తడమండి, రెట్ట చూడండి, తూచి రాసుకోండి.
* డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం, కొంచెం తాజా రెట్ట వెంట తీసుకెళ్లండి.
* జబ్బు కోడిని కోయవద్దు, అమ్మవద్దు.
* ఈ వారమే మీ గంపను ఎండలో బోర్లించి, అల్లికల్లో గోమార్లు ఉన్నాయేమో చూడండి.